నొప్పి లేదన్నాడు

ఆ శరత్తులో లారీ దిగి నా గదికొచ్చాడు జార్గల్.
గోళ్ళ నిండా బొగ్గు.
అరచేతుల్లో రాగి రంగు మచ్చలు.
దురద లేదు, నొప్పి లేదన్నాడు.
స్టీరింగ్ తొడుగు రబ్బరు పడలేదేమో అన్నాను నేను.
జింక్ మలాము ఇచ్చి
ఉప్పు వేసిన పాల టీ పోశాను.

బూట్లు విప్పమనలేదు.
విప్పి ఉంటే అరికాళ్ళు చెప్పేవి.

అంతకు ముందొక పుండు లేచిందట,
సరిహద్దు గేటు దగ్గర లారీల వరస
పదకొండు రోజులు కదలని ఎండాకాలంలో.
దానంతటదే మానింది.
మానిన పుండును ఎవరు అనుమానిస్తారు?
మచ్చలూ అంతే, తొలి మంచు పడేలోగా మాయం.
నా మలాము పనిచేసిందని
ఎండు పెరుగు ముక్కలు సంచిడు తెచ్చాడు.
తిన్నాను.

పంటి నొప్పికైతే ఈ గోబీలో
నూట ఇరవై కిలోమీటర్లు
మోటారు సైకిలు మీద వస్తారు మావాళ్ళు.
పొయ్యి ఆరిందనుకుని
పిడకల నివురులో చెయ్యి పెట్టిన పిల్లకి
కట్టు కట్టానొకసారి.
ఇదీ ఆ జాతి నిప్పే.

రెండేళ్ళకి, ఫిబ్రవరిలో,
అతని భార్య సరన్‌గెరెల్‌ను జీపులో తెచ్చారు.
ఏడో నెల.
ముందెప్పుడూ పరీక్షకి రాలేదేం అంటే
మంద సగం మంచులో చచ్చిపోయింది,
మిగతా సగాన్ని ఎవరికి వదలను అంది.
కడుపులో కదలిక ఆగి రెండు రోజులు.

ఆడపిల్ల. ఏడవలేదు.
ముడుచుకున్న అరచేతులు విప్పి చూశాను.
ఎందుకు చూశానో నా చేతులకే తెలుసు.

తల్లి వేలి చివర ఒక్క చుక్క.
పరీక్ష పట్టీ మీద ఒక గీత.
కాసేపాగి
ఇంకోటి.

"చలి చంపిందా?" అడిగింది.
"కాదు" అన్నాను.
అంతకన్నా చిన్న మాట దొరకలేదు.

జార్గల్‌ని పిలిపించాను. తల తిప్పి,
"ఇటు పక్క చెప్పక్కా,
కుడి చెవి వినపడ్డం మానేసింది" అన్నాడు.
అతనికి పెద్దాసుపత్రికి చీటీ.
ఆమెకి ఇక్కడే, వారానికో సూది, మూడు వారాలు.
చిక్కటి మందు, నిదానంగా దిగుతుంది.

పాత రిజిస్టరు తీశాను.
జార్గల్, అరచేతులు, అలర్జీ.
నా దస్తూరీయే, గుండ్రంగా, అందంగా ఉంది.
కొట్టేసి పక్కన సిఫిలిస్ అని రాశాను.
ఆ పేజీ చింపలేదు.
రెండో సూది నాడు సరన్‌గెరెల్ ముందు పెట్టాను.
చదివింది. కింద నా సంతకం దాకా చదివింది.

మూడో సూదికి వేళకే వచ్చింది.
పెరుగు తేలేదు.