ఏడో గడి

సిరొంచ నుంచి అంకీసా రోడ్డు మీద
పదకొండో కిలోమీటరు దాటాక
ఎడమకు దిగిన బండ్లబాట.
నా సంచిలో ఘర్కుల్ ఫారాలు నలభై,
వేలిముద్రల సిరా డబ్బా,
మూడు నెలల కాంట్రాక్టు కాగితం.

మాసే తలండి వాకిట్లో ఇప్పపూలు ఎండుతున్నాయి.
తడకకు మట్టి మెత్తిన గోడ.
కప్పులో ఒకచోట టేకాకు జారి
రూపాయి బిళ్లంత ఎండ
పొద్దుగూకేదాకా కుండ మీంచి కుండ మీదికి నడుస్తుంది.

ఫారం మరాఠీలో ఉంది.
మొదటి గడి: ఘర్. కచ్చానా, పక్కానా?
గోడను గోటితో గీకి కచ్చా అని రాశాను.
నొచ్చుకున్నట్టు గోడ కొంచెం రాలింది.

ఏడో గడి: కర్జ్.
అప్పు అంటే ముఖం ముడుచుకుంటుందని,
కర్జ్ అంటే తెలియదేమోనని,
నేనే సులువు చేశాను:
"అవ్వా, నీకు లోన్ ఉందా?"

ఆమె నవ్వింది. ఇంత వెర్రి ప్రశ్న
ఇంతవరకూ ఎవరూ అడగనట్టు.
అరచెయ్యి తిప్పి వెనక్కి చూపింది.
"ఉంది. అగో. మా ఆయనే కట్టిండు."
"మొత్తం కట్టాడా?"
"ఒక పక్క మిగిలింది. ఆయన పోయిండు.
ఇంక నేనే కట్టాలె."

ఉంది, అని రాశాను.
బాకీ కూడా ఉంది, అని రాశాను.
నా దస్తూరి బాగుంటుందని ఆఫీసులో పేరు.

ఆషాఢంలో జాబితా అంటించారు.
ఆమె పేరు లేదు.

ఆశ్రమశాలలో వంట చేసే బుచ్చ సిడాం
టీ ఊదుకుంటూ అన్నాడు:
"మా మాడియాలో లోన్ అంటే ఇల్లే గద సారూ."
నా గ్లాసు సగం దారిలో ఆగిపోయింది.

అప్పటినుంచి రాత్రిళ్లు
మాటల గోడలు తట్టి చూస్తున్నాను, ఏది బోలో, ఏది గట్టో.
తమిళుల వీడు విడిచిపెట్టడంలోంచి వచ్చిందట,
బరువు దించుకునే చోటన్నమాట.
మనం అదే మాటతో ఊరు విడిచి వెళ్తాం.
మకాం అంటే అరబ్బీలో నిలబడ్డ చోటు.
వాళ్లకే బైత్ అంటే ఇల్లు, బైత్ అంటే పద్యం కూడా:
ఎడారిలో గుడారం మోసినవాళ్లకు
రెండూ ఒంటె మీద పట్టేవేమో.
ఇంగ్లీషు కిటికీ ఒకప్పుడు గాలికి కన్ను,
సంస్కృతం కిటికీ ఆవుకు కన్ను.
నా గదికి కిటికీ లేదు.
దాన్ని క్వార్టర్ అంటారు, అంటే పావు వంతు.
మిగిలిన ముప్పావు ఎక్కడుందో
ఓనరును అడగాలి.
మా నాన్నకైతే ఆ మాటకు వేరే అర్థం ఉండేది,
దానికీ ఓ ఇల్లు ఖర్చయింది.

ఇల్లూ, లోనూ ఒకే కడుపున పుట్టినవంటారు
భాషల కాన్పులు తెలిసినవాళ్లు.
ఎప్పుడో అడవికి వెళ్లిన మాట
వెనుకా ముందూ తారుమారై
అలా తిరిగొచ్చిందట.
చుట్టాన్ని గుర్తుపట్టక
నేను బాకీదారుగా రాసుకున్నాను.

మళ్లీ వెళ్లాను. వాన.
రూపాయి బిళ్ల ఎండ ఉన్నచోట
ఇప్పుడొక గిన్నె, అందులో టిక్కు టిక్కు.
దిద్దుబాటు అర్జీ మీద ఆమె బొటనవేలు ఒత్తించాను.
గ్రామసభ తీర్మానం కావాలన్నారు,
తీర్మానానికి తలాఠీ కావాలి,
తలాఠీకి వాన తగ్గాలి.
నా కాంట్రాక్టుకు ఇంకా పదహారు రోజులు.

"మీ మాటల దీన్ని ఏమంటరు?" అంది,
తడిసిన తడకను తడుతూ.
"ఇల్లు."
ఆమె నా ముఖంలోకి చూసింది.
"ఇల్లె?"
వాళ్ల మాటలో ఇల్లె అంటే లేదని.

నేను లేదు, కాదు, అని తల ఊపుతూ
మళ్లీ ఇల్లు, ఇల్లు అంటున్నాను.
ఆమెకు ఎలా వినబడుతోందో తెలిసీ
వేరే మాట దొరక్క.

గిన్నె నిండింది.
ఆమె లేచి వాకిట్లోకి పారబోసి,
చూరు కింద తడుస్తున్న నన్ను
మా తెలుగులోనే పిలిచింది:
"లోనికి రా."