రెండో పొయ్యి

మొదటిది సగం డ్రమ్ము.
కిరసనాయిలు డిపో ఎత్తేసిన ఏడు
ఇశ్రాయేలు భుజాన మోసుకొచ్చి నిలువునా కోయించాడు.
ఒక సగం మాకు, ఒక సగం ఆడపడుచుకి.
పద్నాలుగేళ్లు కాలింది పాపం.
గొరకలు, జెల్లలు, కొరమేను తునకలు,
అరటాకులో చుట్టిన రొయ్యలు,
దాని మీద చిటపటమనని నీసు లేదు.

ఇప్పుడు ఇంట్లో పదకొండు కంచాలు.
ఆదివారం ప్రార్థన అయ్యి వచ్చేసరికి
పిల్లలు పొయ్యి చుట్టూ కాకుల్లా.
మొదటి వాయి తిన్నోడికి మళ్లీ ఆకలేసే వేళకి
చివరి వాయి నా కంచంలో పడుతుంది,
అప్పటికి ముళ్లే ఎక్కువ.

అదొక్కటే అయితే సర్దుకుందును.
మా అత్త రాహేలమ్మ
శ్రమదినాలు నలభై రోజులూ నీసు ముట్టదు.
"నా చిలగడదుంపకి చేప వాసనేంటే" అని
తిప్పి తిప్పి చూసి పక్కన పెట్టేసింది మొన్న.
ఇంకేమీ అనలేదు.
అనకపోవడమే ఆవిడ అనడం.

పప్పుల డబ్బాలో ఇరవై నాలుగు వందలు.
అందులో తొమ్మిది వందలు గ్యాసు బండవి.

తాటిపాకలో కొట్టువాడు చూపించాడొకటి,
నల్లగా, మూత మీద గడియారం ముల్లు,
కాళ్లకి చక్రాలు.
"లోపల వేడెంతో ఇది చెబుతుందండి" అన్నాడు.
నా అరచెయ్యి చెబుతుంది బాబూ, ఇన్నేళ్లూ అదే చెప్పింది.
ఆరు వేల ఎనిమిది వందలట.
ఆ చక్రాలు మా ఒండ్రులో ఎక్కడికి తిరుగుతాయని?

కుమ్మరి మాణిక్యం మట్టిది చేస్తానంది, రెండొందల యాభైకి.
అంచు మీద వేలితో తీగ కూడా గీస్తుందట, ముద్దొచ్చింది.
కానీ మట్టిపొయ్యి మూడు రోజులు నీళ్లలో నానితే ఏమవుతుందో
మా లంకలో చంటిపిల్లనడిగినా చెబుతుంది.

ఇటుకలు పేర్చుకుందాం, ఖర్చుండదన్నాడు ఇశ్రాయేలు.
ఇటుకలా?
గట్టు మీదికి ఎవరు మోస్తారు?

అన్నాక తెలిసింది నాకు,
ఇన్నాళ్లూ నేను చూస్తున్నది ధర కాదు, బరువని.

నిరుడు శ్రావణంలో వశిష్ఠ మా మెట్టెక్కిన రాత్రి
ఒక భుజాన బియ్యం, ఒక చేత అమ్మ,
ఆయన గట్టెక్కేశాడు.
సగం డ్రమ్ము ఎత్తబోయి ఎత్తలేక
కొబ్బరిచెట్టుకి గొలుసేసి కట్టి వదిలేశాను.
టార్పాలిన్ కింద నాలుగు రోజులు
పడవలో వచ్చిన చల్లటి పొట్లాలు.
వేడి గంజి కోసం ఏడ్చి ఏడ్చి
చిన్నోడు నా మోకాలు మీద నిద్రపోయాడు.
నీరు తీశాక దిగొచ్చి చూస్తే
డ్రమ్ము నిండా ఒండ్రు నీళ్లు,
అందులో ఒక జెల్లపిల్ల కొట్టుకుంటోంది.
పొయ్యిలో బతికున్న చేపని చూడ్డం అదే మొదలు.
ఏట్లోకి విసిరేశాను.

రావులపాలెం పాత ఇనప కొట్లో దొరికింది చివరికి.
బట్టల మిషను లోపలి డ్రమ్ము.
ఉత్త స్టీలు, ఒళ్లంతా చిల్లులు,
ఎవరింటి చొక్కాలో గిరగిరా తిరిగిన కడుపు.
నాలుగొందల యాభై అన్నవాడు మూడొందల ఎనభైకి దిగాడు.
వెల్డింగు అప్పాయమ్మ గారబ్బాయి
మూడు కాళ్లు, రెండు చెవులు అతికాడు.
జల్లెడకని పాత ఫ్రిజ్జు అర పట్టుకెళ్తే
"దీని పూత కాలితే విషం పొగండి, ఆయ్,
ఉత్త ఇనప చువ్వలేస్తాను" అని పక్కన పారేశాడు.

ఆ సాయంత్రం చెవులు పట్టుకుని
ఆగకుండా గట్టు మీదిదాకా నడిచాను ఒక్కదాన్నే.
గట్టు మీద ఆవులు తోలుకొస్తున్న వెంకాయమ్మ
"ఎక్కడికే, నీరేమైనా వస్తోందా" అని కంగారుపడింది.
రావట్లేదన్నాను. మళ్లీ దింపుకొచ్చాను.

కొబ్బరిచిప్పలు రాజుకున్నాక
మొదటి దుంప అత్తదే.
బూడిద దులిపి, రెండుగా విరిచి,
ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఆగింది.
"సబ్బు వాసనొస్తోందే, అమ్మాయ్."

తొక్కతో సహా తినేసింది.