రేవు గుమాస్తా లెక్క

సూదులు దిగాక ఐరెనెమి మాట్లాడేది
వాళ్ళ నాన్న గురించే.
నౌరూ దీవిలో, ఓడలకు ఫాస్ఫేట్ ఎక్కించే రేవులో
ఆయన గుమాస్తా.
ఉక్కుచెయ్యి సముద్రం మీదికి చాచిన రోజున
ఆరేసిన గౌన్లన్నీ దుమ్ముకొట్టుకుపోయేవట.
"ఒక్క టన్ను తేడా వచ్చిందని ఎవరూ అనలేదు"
అంటుంది ప్రతి మంగళవారం, కొత్తగా చెబుతున్నట్టు.
సువా నుంచి వచ్చిన నర్సుని నేను,
యంత్రం మీద అంకెలు చూస్తూ వింటాను.

ఇవాళ అడిగింది:
"ఇంతకీ నా కిడ్నీలు చేసిన ఉద్యోగమేమిటి?
మానేసేదాకా ఎవరూ చెప్పలేదేం?"

మీ నాన్న ఉద్యోగమే, అన్నాను.
చేప తిన్నా, గుడ్డు తిన్నా
ఫాస్ఫేట్ నెత్తుట్లోకి దిగుతుంది.
వడపోతలో జారినదాన్ని
వెంట్రుకకన్నా సన్నని గొట్టాల్లో కూర్చుని ఏరుకుంటాయవి,
పదిపాళ్ళలో ఎనిమిదో తొమ్మిదో వెనక్కి,
మిగతాది ఓడెక్కించేస్తాయి.
సరుకు ఎక్కువైతే ఎముకే కబురంపుతుంది,
ఇక ఏరకు, పోనీ, అని.
గొంతులో బియ్యపుగింజంత గ్రంథులు నాలుగు
అవీ అదే మాట, కాస్త గట్టిగా.
గుమాస్తా తలూపుతాడు.
తిండి చాలని వారం మాత్రం
ఒక్క రవ్వ కూడా రేవు దాటనివ్వడు.

ఇప్పుడు ఆ కుర్చీ ఖాళీ.
కబుర్లు కుప్పపడుతున్నాయి, విప్పేవాళ్ళు లేరు.
అరిచి అరిచి ఆ గ్రంథులు
ఎముకనే తవ్వడం మొదలెట్టాయి.
ఆ సున్నం రక్తనాళాల గోడల్లో గట్టిపడుతోంది.
రాత్రుళ్ళు నువ్వు గోక్కునే దురద
ఈ లెక్క తప్పినందుకే.

ఆమె కిటికీలోంచి మిట్టవైపు చూసింది.
తవ్వి వదిలేసిన రాతికొనలు,
చిగుళ్ళు పోయి పళ్ళు మిగిలిన దవడ.
"దీవంతా గీకి ఎవరి పొలాలకో పంపాం.
ఇక కదలనని మిగిలింది
నాలో కూర్చుందన్నమాట."
నవ్వబోయి దగ్గింది, గొట్టం ఊగింది.
"నాన్నయితే రసీదు అడిగేవాడు."

మధ్యాహ్నం గొడ్డుమాంసం డబ్బా తెరిచింది.
వద్దన్నాను. సగం తిన్నది.
మధ్యలో మాత్ర, ఫాస్ఫేట్‌ని పేగులోనే పట్టేసేది,
సుద్దముక్కలా ఉందని తిట్టుకుంటూ నమిలింది.

నాలుగు గంటలకు యంత్రం ఆగింది.
అది తీసేది కొంచెమే, ఇద్దరికీ తెలుసు.
నెత్తురు పరీక్ష కాగితం వచ్చింది.
పుస్తకంలో ఏడు అని రాశాను.

ఐరెనెమి కళ్ళద్దాలు పెట్టుకుని వంగింది.
"చుక్క తర్వాత ఉన్నది కూడా రాయి" అంది.