ఎనభై అడుగుల అవతల

వెర్నన్ పడవని ట్రైలరుతో సహా నా షెడ్డు ముందు ఆపి
ఒక కాగితం చేతికిచ్చాడు.
"టవర్ స్పీకర్లు మార్చాలి. పెద్దవి.
వెనక తాడు పట్టుకున్న పిల్లకి వినపడాలి."
నేనేమీ అనుకోలేదు.
ఈ ఓజార్క్ కొండల్లో మగవాళ్ళు మామూలుగానే
మాటల్ని చలికాలపు గ్యాసులా కొలిచి వాడతారు.

పాతవి విప్పాను.
పన్నెండు వేసవుల ఎండకి
కోన్లు అప్పడాల్లా పెళుసెక్కాయి.
ఒకదాని కడుపులో మట్టి కందిరీగ
ఇల్లు కట్టి, పిల్లల్ని పెంచి, ఖాళీ చేసి పోయింది.
ఇంకోదాన్ని చెవి దగ్గర ఊపితే
కొబ్బరికాయలో నీళ్ళ చప్పుడు.
తీగల అతుకులకి సోల్డరే లేదు,
నల్లటేపు మాత్రం ఉంది
తెగిన వేలికి గుడ్డపేలిక చుట్టినట్టు.

కొనేవాళ్ళకి చెప్తూనే ఉంటాను,
ఇవి పడవలో కూర్చున్నవాళ్ళ కోసం కాదని.
పడవకి వీపు తిప్పి,
ఎనభై అడుగుల వెనక
అల మీద వంగి నిలబడ్డ ఒక్క మనిషి కోసం.
మధ్యలో ఇంజను రొద, గాలి,
ఆ మనిషి చెవుల్లో సగం సరస్సు.
మెత్తటి శబ్దం దారిలోనే మునిగిపోతుంది.
అందుకే హారన్ ఉన్నవి తెప్పించాను,
ఎనిమిదంగుళాలవి,
బూర ఊదినట్టు
మాటని చెదరకుండా ముందుకి తోసేవి.

టవర్ గొట్టంలోంచి కొత్త తీగ లాగడానికి
ఒక పూట పట్టింది.
ఆ మడత దగ్గర ఇరుక్కుంటుంది ప్రతిసారీ.
గిన్నెలు తోమే సబ్బు పూసి,
కొన్ని బూతులు కలిపి,
సూదిలో దారమెక్కించే ముసల్దానిలా
ఒంటికన్నుతో చూస్తూ లాగాను.
ఆంప్లిఫయరు సీటు కింద.
ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలో.
బోల్టులు స్టెయిన్‌లెస్‌వే. అక్కడ పొదుపు చేసినవాడు
స్పీకర్లని సరస్సు అడుగున వెతుక్కుంటాడు.

బిల్లు రాస్తుంటే వెర్నన్
కాగితం వెనక్కి తిప్పి చూపించాడు.
ఒక్క ముక్క: మైకు.
అప్పుడు చూశాను కాలరు చాటున గాటు,
కొత్త చర్మం ఇంకా గులాబీ రంగులో.
"ముందు అరిచేవాణ్ణి" అన్నాడు.
గాలే ఎక్కువ వచ్చింది,
మాట దాని వెనక కాళ్ళీడ్చుకుంటూ.

శనివారం పొద్దున.
నీళ్ళు మీగడ కట్టినట్టున్నాయి.
డెలానీకి పదమూడేళ్ళు, బోర్డు దానికంటే బరువు.
తాడు బిగిసింది. లేచింది.
నేను వెనక్కి తిరిగి కూర్చుని దాన్నే చూస్తున్నాను.
వెర్నన్ మైకు పెదాలకి ఆనించాడు.
మోకాళ్ళు వంచమంటాడనుకున్నాను.

"నేనే" అన్నాడు.

తలుపు బయట నిలబడి చెప్పినట్టు.
ఆ గరగర, ఆ ఊపిరి,
దేన్నీ వడకట్టలేదు నా హారన్లు.

పిల్ల పడింది.
తలకిందులై, నురుగై, చాలాసేపటికి తేలింది.
పడవ చుట్టూ తిప్పుకొచ్చేసరికి
ముక్కు తుడుచుకుంటూ, ఏడుపో నవ్వో,
బొటనవేలు పైకెత్తి చూపించింది.
పడవ వెనక ఆ సైగకి బాగుందని అర్థం కాదు.
ఇంకా వేగం కావాలని.

ఒక్క సంగతి చెప్పడం మరిచాను వెర్నన్‌కి.
నీళ్ళ మీద శబ్దం ఎనభై అడుగుల దగ్గర ఆగదు.

సాయంత్రం పడవ కడుతుంటే
ఆర్డిత్ వచ్చింది, గిన్నెలో టమాటాలతో.
తొంభైకి దగ్గర. ఒడ్డున ఎవరి పాట మోగినా
షెరీఫ్ ఆఫీసుకి ఫోను చేసేది ఆవిడే.
"పొద్దున ఎవరో నేనే అన్నారు" అంది.
"లేచి తలుపు దాకా వెళ్ళాను."

తగ్గిస్తానన్నట్టు వెర్నన్ చెయ్యి దించి చూపించాడు.

"పాటలకి తగ్గించు" అంది ఆవిడ.
గిన్నె సీటు మీద పెట్టింది,
సరిగ్గా ఆంప్లిఫయరు పైన.
అది ఇంకా వెచ్చగానే ఉంది.