పదమూడు మంది వెనిస్

ముప్పై ఒక్కమంది నిన్న రాత్రి విమానమెక్కారు.
నీలం టీషర్టులు, మెడలో తాళ్లు, తాళ్లకి పేర్లు.
ఎనిమిదో తరగతి వెనిస్ చూడబోతోంది.
మిగిలింది పదమూడు మంది.

ఎందుకు మిగిలారో రిజిస్టరులో ఉండదు,
బస్సులో ఆయాకి తెలుస్తుంది.
ఫైజాన్ వీసాకి వాళ్ల నాన్న జీతం కాగితం అడిగారు.
ఇచ్చారు. అంకె చాల్లేదు.
లిజిన్ వాళ్లమ్మకి ఈ నెలంతా ఆసుపత్రిలో నైట్ డ్యూటీ,
ఆ డబ్బు ఎక్కడికో ముందే పోయింది.
జోషిత మాత్రం
"నాకు నీళ్లంటే భయం" అంటుంది,
ఎవరూ అడక్కముందే.

షైజా టీచర్ పొద్దున హాజరు పిలవలేదు.
"పదండి, మనమూ వెనిస్ పోదాం" అంది.

అబూ హమూర్ నుంచి పావుగంట.
దోహాలో జూన్ నెల, బస్సు సీటుకి అంటుకున్న తొడ
చప్పుడు చేస్తూ ఊడొస్తుంది.
మాల్ తలుపు తెరుచుకుంటే చలి.
పైన ఆకాశం,
కప్పు మీద రంగేసిన తెల్లటి మబ్బులు,
అక్కడ ఎప్పుడూ సాయంత్రం నాలుగున్నరే.
కింద కాలవ. ఇటు ఒడ్డున చెప్పుల షాపు, అటు ఒడ్డున అత్తర్లు.

నాకు కాలవ తెలుసు.
రాజోలు దగ్గర మా నాయన కొబ్బరికాయల పడవ నడిపేవాడు.
కాలవంటే ముందు వాసన నాకు:
బురద, నాచు, నానేసిన పీచు,
వేసవిలో కాలవ కట్టేస్తే
అడుగున కొట్టుకునే చేపలు.
దీనికి ఈతకొలను వాసన.
నీలం పలకల మీద ఎవరివో చిల్లర కోరికలు,
మోకాలు దాటని లోతు.

చివరి విడతలో నేనూ టీచరూ ముగ్గురు పిల్లలూ.
మిగతా పదిమంది వంతెన మీద,
కాపలాకి డ్రైవర్ సత్తెయ్య.
పడవవాడిది చారల చొక్కా, ఎర్ర రిబ్బను టోపీ.
పేరు రోయెల్, మనీలాకి అవతల ఏదో దీవి.
"బొంజోర్నో" అన్నాడు, అది జీతంలో భాగం.
తెడ్డు నీటిని తాకింది, అంతే.
కింద మోటారు గురగురమంది.
మా నాయన చూస్తే నవ్వేవాడు కాదు.
"పోన్లే, మనిషికి నడుంనొప్పి తప్పింది" అనేవాడు.

లిజిన్ అడిగాడు, "అంకుల్, మీరు నిజం వెనిస్ చూశారా?"
"రోజుకి ఇరవైసార్లు పోయొస్తాను" అన్నాడు రోయెల్,
నవ్వకుండా.

రెండో వంతెన కింద టీచర్ ఫోను మోగింది.
అవతల అసలు వెనిస్.
వాన.
ముప్పై ఒక్కమందీ ప్లాస్టిక్ కోట్లలో
ఏదో గుమ్మం కింద ఇరుక్కున్నారు.
పడవలు ఆపేశారట.
వెనక ఎవరో బూట్లు తడిశాయని ఏడుస్తున్నారు.
"మీరెక్కడున్నారు?" అని అరిచారు.
పడవలోవాళ్లూ వంతెన మీదవాళ్లూ మొహాలు చూసుకున్నారు.
ఫైజాన్ ఫోను లాక్కుని
ఆకాశానికి ఎత్తి చూపించాడు.
"ఇక్కడ వాన లేదు."
అవతల కాసేపు
వాన చప్పుడొక్కటే.

అప్పుడు పడింది,
జోషిత ముక్కు మీద, ఒక్క చుక్క.
తలెత్తి చూశాం.
మబ్బు అంచున పసుపు మరక.
ఏసీ గొట్టం చెమర్చి రంగు ఉబ్బింది.
ఇంకో చుక్క.
"వానా!" అని వంతెన మీంచి పది గొంతులు.
నీళ్లంటే భయమన్న పిల్ల
నాలుక చాపి కూచుంది.
వద్దనాలి నేను, దానికే నన్ను పెట్టుకున్నారు.
అనలేదు.

ఎక్కినచోటే దిగాం.
దిగేముందు తెడ్డు ఒకసారి ఇమ్మన్నాను.
లోపల డొల్ల, బరువే లేదు.
అయినా చేతులకి గుర్తుంది
ఎటు తిప్పాలో.

బస్సులో లెక్కపెట్టాను, పదమూడు.
ఎందుకో మళ్లీ లెక్కపెట్టాను.
సీట్లు కాలుతున్నాయి.
జోషిత ఇంకా ముక్కు తుడుచుకోలేదు.