ముప్పై అడుగులు

కొర్లగుంటలో నాది జిరాక్స్ అంగడి.
ఆధార్ నకళ్ళు, హాల్ టికెట్లు, అద్దె ఒప్పందాలు...
వీధి వీధంతా నా గాజు పలక మీద
బోర్లా పడుకుని లేచి పోతుంది.
అందుకే అనుకున్నా
వీళ్ళంతా నాకు తెలుసునని.

పోయిన వానాకాలం, కరెంటు లేని ఒక సాయంత్రం
ఫోన్లో మా పేట మ్యాపు తెరిచి
వేలికొసతో చుక్కలు పెట్టడం మొదలుపెట్టినా.
చక్రాల కుర్చీకి పంక్చరు వేసే షమీవుల్లా.
పెద్ద గుండిగలు ఊరికే ఇచ్చే కుప్పమ్మ,
తోమి తెచ్చియ్యాల, అంతే.
గురువారం నీళ్ళ ట్యాంకరు ఆగే మలుపు.
రుయాలో పడున్నోళ్ళకి తోడొచ్చినోళ్ళు
నడుం వాల్చేదానికి చాప దొరికే మిద్దె.

లింకు పంపితే ఎవురైనా పెట్టొచ్చు.
పెట్టినారు కూడా. నెల తిరక్కుండా రెండొందల పద్నాలుగు.
సంతోషానికి నిద్ర పట్టేది కాదు.
దుప్పట్లో దూరి చూసుకునేవాణ్ణి,
నా పేట నా అరచేతిలో మిణుకుతా ఉంటే.

ధనకోటమ్మ చుక్క నేనే పెట్టినా.
రిటైరైన నర్సు.
నేనే రాసినా:
"డాక్టరు చీటీ ఉంటే ఏ వేళైనా సూది వేస్తారు.
ఒక్కరే ఉంటారు, మొహమాటం వద్దు."
ఆ రెండో ముక్క
సాయమనుకునే రాసినా.

పదకొండో నాడు పొద్దున్నే వచ్చింది.
కొంగులోంచి తీసి కౌంటరు మీద పెట్టింది
వంగిపోయిన ఇత్తడి గొళ్ళెం, మేకులతో సహా.
"రాత్రి రెండింటికి ఎవురో.
సూది కోసం కాదు నాయనా.
ఎదురింటి దస్తగిరి లేచి అరిస్తే పోయినాడు."
తిట్టలేదు.
టీ తెప్పిస్తే తాగింది.
గ్లాసు కింద పెట్టి
"నా ఇంటికి దోవ చెప్పేముందు
నన్నొక మాట అడిగింటే ఏం పోయేది?" అనింది.

షట్టరు దించేసి
చుక్కలన్నీ కాగితాల మీద అచ్చేసుకుని
గడప గడపకీ పోయినా.
"గుండిగల సంగతి చెప్పు, ఫోను నంబరు వద్దు" కుప్పమ్మ.
"శుక్రవారం మధ్యాన్నం మూసింటానని గూడా రాయన్నా" షమీవుల్లా.
ఒకాయన చదివి నవ్వినాడు,
"ఈ ఇస్త్రీ బండి మా నాయనది,
ఆయన పోయి రెండేండ్లు."

బైరాగిపట్టెడలో ఎవురు పెట్టిందో ఒక చుక్క:
"జాకెట్లు చవగ్గా కుడతారు, మేడ మీద."
తలుపు జానెడు తెరుచుకుంది.
లోపల కుట్టుమిషను, చిన్న బడి సంచి.
"మా ఆయనకి
మేమీ ఊర్లో ఉన్నామని తెలీదు."
అంతకు మించి చెప్పలేదు. నేను అడగలేదు.
మెట్ల మీదే నిలబడి తుడిపేసినా,
వేలు రెండుసార్లు జారింది.

కరకంబాడి దోవలో
దేవాంగపిల్లి కనపడిన చెట్టుక్కూడా
ఎవురో ముచ్చటపడి చుక్క పెట్టింటే
అదీ తీసేసినా.
దానికి తలుపు లేదు, తట్టి అడిగేదానికి.

రెండొందల పద్నాలుగు ఎనభై ఆరయినాయి.
గాలికి పిండి చెదిరిన ముగ్గు మాదిరి
బోసిగా ఉండాది మ్యాపు.
కొన్నాళ్ళు తెరవబుద్ధి కాలేదు.

ధనకోటమ్మ చుక్క ఇప్పుడు ఆమె ఇంటి మీద లేదు.
ఆమె పెట్టమన్న చోట, పాల బూతు మీద ఉంది.
"సూదికి చెంగల్రాయుణ్ణి అడగండి."
అక్కణ్ణుంచి ఆమె గడపకి ముప్పై అడుగులు.
లెక్కపెట్టినా.
అవి ఎక్కడా గియ్యలేదు.

నిన్న రాత్రి ఎవురో కొత్తబ్బాయి,
భుజాన జ్వరం పిల్ల, చేతిలో చీటీ,
ఫోను వెలుగు మొహాన పడతా బూతు కాడికొచ్చినాడు.
చెంగల్రాయుడు పాకెట్లు లెక్కపెట్టేది ఆపి
పిల్ల నుదుటి మీద చెయ్యేసి చూసి
"ఏ వీధప్పా మీది? ఎప్పుడొచ్చినారు?" అంటా
అరుగు దిగి ముందు నడిచినాడు.

అబ్బాయి ఫోను జేబులో వేసుకున్నాడు.
కొత్త గొళ్ళెం
లోపలి నుంచి తీసిన చప్పుడు
అంగడి దాకా వినపడింది.