జప్తు

స్క్రాంటన్‌లో ఆ ఏడు మంచు పడీపడగానే నల్లబడేది.
ఊరి చివర బొగ్గు తుక్కు గుట్టలు
రాత్రంతా నీలంగా రాజుకుంటూ ఉండేవి.

మూడో పీరియడు. వెనక బెంచీ.
జామెట్రీ పుస్తకం కడుపులో ఇంకో పుస్తకం.
"ఇలా తే" అన్నాను.
కాజిమిర్ వోల్నిక్ తెచ్చిచ్చాడు,
దిగిపోయే స్టాపులో టికెట్టు పారేసినంత తేలిగ్గా.

స్కూలు బోర్డు వద్దన్న నవల.
పదహారేళ్ళవాడొకడు రేవు పట్నంలో తిరుగుతూ
ఎదురైన పెద్దమనిషినల్లా కడిగేస్తుంటాడు.
బూతులెన్నో లెక్కపెట్టి రాయమని నాకో ఫారం ఇచ్చారు.
లెక్కల మాస్టారిని కదా.

ఆ రాత్రి వంటింటి బల్ల దగ్గర పెన్సిలుతో కూర్చున్నాను.
ముప్ఫై ఒకటి దాకా వచ్చాను.
తర్వాత ఎక్కడో లెక్క తప్పింది.
కాఫీ చల్లారింది, మీగడ కట్టింది,
పెన్సిలు చెవి మీదే ఉండిపోయింది.
నాకూ ఒకప్పుడు పదహారేళ్ళుండేవి,
ఎక్కడ పెట్టానో.

అంచుల నిండా వోల్నిక్ కోడిగెలుకుడు రాత:
"అబద్ధం. ఎవడూ ఇలా ఏడవడు."
"ఈ మాట మా హెడ్మాస్టర్‌దే."
ఒక చోట ఫిలడెల్ఫియాకి బస్సు ఛార్జీ,
దాని కింద తన దగ్గరున్న చిల్లర,
కింద గీత. తీసివేత తప్పు.

నూట పన్నెండో పేజీలో
ఆ కుర్రాడు తండ్రి బూట్లు తుడిచి, మళ్ళీ మంచం కిందకి తోసేస్తాడు.
అక్కడ వోల్నిక్ ఏమీ రాయలేదు.
కాగితం మాత్రం
ఒకసారి తడిసి ఆరినట్టు ఉబ్బి ఉంది.

వాళ్ళ నాన్న గనిలోంచి పైకి రాలేదని
అక్టోబరులోనే బడంతా తెలుసు.
ఆ వారం నేను హాజరు పట్టీలో
అయిదు సున్నాలు చుట్టాను,
గుండ్రంగా.

ఫారంలో "ముప్ఫై ఒకటి" అని వేసి సంతకం పెట్టాను.
పుస్తకం సోమవారం ఇచ్చేద్దామనుకున్నాను, ఎవరూ చూడకుండా.
సోమవారం వాడి పేరు రెండుసార్లు పిలిచాను.
ముందు బెంచీలో ఎవడో కిసుక్కున నవ్వాడు.

రిటైరై పదకొండేళ్ళు.
సొరుగులో సెట్‌స్క్వేర్ల కింద ఇంకా ఉంది.
ఆ తీసివేత మాత్రం ఆ రాత్రే సరిచేశాను,
ఎర్ర సిరాతో, చేతి అలవాటు కొద్దీ.

వాడు మిగులుతుందనుకున్నాడు.
నలభై సెంట్లు తక్కువ.

ఎవరిచ్చారో.